కాకినాడ వర్తకులు, హార్వర్డ్ ఆచార్యుడు

1964లో కాకినాడ నుంచి కొందరు వ్యాపారులు కొట్లనీ మిల్లులనీ ఇంట్లోవాళ్లకో గుమాస్తాలకో అప్పగించి, పది రోజుల మకాంకి హైదరాబాదు బయల్దేరారు. సరుకు కొనడానికి కాదు, అప్పు అడగడానికీ కాదు. బొమ్మలు చూసి కథలు రాయడానికి, నిలబెట్టిన మేకుకి రింగులు విసరడానికి, తాము ఎలాంటివాళ్లమో, ఏం కావాలనుకుంటున్నామో నలుగురిలో చెప్పుకోవడానికి. లెక్కాపత్రాలూ మార్కెట్ ధరలూ తప్ప వేరే చదువు పనికిరాదనుకునే రోజుల్లో పని ఉన్న మనుషులు ఇలాంటి వాటికోసం పది రోజులు కేటాయించారంటే ఆశ్చర్యంగానే ఉంటుంది. వాళ్లకి ఆతిథ్యమిచ్చింది సియెట్, అంటే స్మాల్ ఇండస్ట్రీస్ ఎక్స్‌టెన్షన్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఎన్ఐ-ఎంఎస్ఎంఈ పేరుతో నడుస్తున్నది ఆ సంస్థే.

ఈ ప్రయత్నం వెనక ఉన్న మనిషి డేవిడ్ మెక్లెలాండ్, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు. పని బాగా చేయాలన్న తపన పుట్టుకతో వచ్చేదా, చిన్నప్పుడు ఇంట్లో అబ్బేదా, లేక నడివయసు మనిషికి కూడా నేర్పవచ్చా అన్నది ఆయన ప్రశ్న. దానికి జవాబు వెతకడానికి ఎన్నుకున్న ఊళ్లలో ముఖ్యమైనది మన కాకినాడ. ప్రపంచమంతటా మేనేజ్‌మెంట్ విద్యార్థులు మెక్లెలాండ్ సిద్ధాంతాన్ని పరీక్షల కోసం వల్లె వేస్తారు. కాకినాడలో తేలిన వాటిలో అన్నిటికన్నా విలువైన సంగతి మాత్రం చాలామంది దృష్టికి రాకుండానే పోయింది. ఈ అధ్యాయం ముఖ్యంగా దాని కోసమే.

మెక్లెలాండ్ పరిశోధన మొదలైంది వ్యాపారంతో కాదు, ఆకలితో. మనిషి మనసులో ఏ కోరిక బలంగా ఉందో అతన్నే అడిగితే సరైన జవాబు రాదు. నలుగురూ మెచ్చే మాట చెబుతాడు, లేదా తనకే తెలియదు. అందుకని 1940ల చివర్లో మెక్లెలాండ్, ఆయన సహచరుడు జాన్ అట్కిన్సన్ ఒక అమెరికన్ సబ్‌మెరీన్ స్థావరంలో నావికులని మూడు జట్లు చేశారు. ఒక జట్టు తిండి తిని గంట అయింది, ఇంకొక జట్టు నాలుగు గంటలు, మూడోది పదహారు గంటలు. అందరికీ కొన్ని బొమ్మలు చూపించి, తోచిన కథ రాయమన్నారు. కడుపు మాడిన కొద్దీ కథల్లో తిండి దొరకని మనుషులు, తిండి కోసం చేసే ప్రయత్నాలు ఎక్కువయ్యాయి. నావికులు తమ ఆకలి గురించి రాయలేదు. బొమ్మలోని మనిషి గురించే రాశారు. అయినా వాళ్ల ఆకలి అతని కథలోకి వచ్చేసింది.

ఆకలిని ఇలా కొలవగలిగితే, గెలవాలన్న కోరికని మాత్రం ఎందుకు కొలవలేం? బొమ్మ చూపించి కథ రాయించే పద్ధతి అప్పటికే ఉంది. 1930ల్లో హార్వర్డ్‌లోనే హెన్రీ ముర్రే, క్రిస్టియానా మోర్గన్ దాన్ని తయారుచేశారు. మెక్లెలాండ్ బృందం దాన్ని మార్చుకుని, కథల్లో దేన్ని లెక్కించాలో ఖరారు చేసుకుంది. వాళ్లు వాడిన బొమ్మల్లో ఒకటి బాగా పేరుపడింది. ఒక ఇంజినీరు డ్రాయింగ్ బల్ల ముందు కూర్చుని ఉంటాడు. బల్ల మీద అతని భార్యాబిడ్డల ఫోటో ఉంటుంది. అంతే.

ఒకరు ఈ బొమ్మ చూసి, పిల్లలతో ఆదివారం ఎక్కడికి వెళ్లాలా అని అతను ఆలోచిస్తున్నాడని రాస్తారు. ఇంకొకరు, పై అధికారి తనని పక్కన పెట్టాడు కాబట్టి అతనికి బుద్ధి చెప్పే మార్గం వెతుకుతున్నాడంటారు. వేరొకరు, కట్టబోయే వంతెన కమాను గాలివాటుకి తట్టుకోవాలంటే ఎంత బలం ఉండాలో లెక్క తేలక తంటాలు పడుతున్నాడని, తెల్లారేలోగా తేల్చాలని కూర్చున్నాడని రాస్తారు. మొదటిది మనుషులతో దగ్గరతనం కోరే మనసు. దాన్ని సంబంధ ప్రేరణ అన్నారు. రెండోది అధికార ప్రేరణ. మూడోది సాధన ప్రేరణ. కథలో ఒక ప్రమాణం ఉందా, దాన్ని అందుకోవాలన్న ఆరాటం ఉందా, దారిలో అడ్డంకులు కనిపించాయా, వాటిని దాటే ప్రయత్నం ఉందా అని వాక్యం వాక్యం చూసి మార్కులు వేస్తారు. కథ ఎంత అందంగా ఉంది అన్నదానికి మార్కులుండవు.

రింగుల ఆట సంగతి ఇంకా ఆసక్తికరం. తిరునాళ్లలో సబ్బుబిళ్లల మీద వేసే ఆట లాంటిదే, కాకపోతే ఎక్కడ నిలబడి విసరాలన్నది ఆడేవాళ్ల ఇష్టం. కొందరు మేకుకి ఆనుకున్నట్టు నిలబడి, వేసిన రింగు వేసినట్టు దాంట్లో పడేస్తారు. కొందరు గదికి అవతలి గోడ దాకా పోయి, పడితే అదృష్టం అన్నట్టు విసురుతారు. సాధన ప్రేరణ బలంగా ఉన్నవాళ్లు ఎక్కువగా మధ్యలో నిలబడతారు. అక్కణ్ణుంచి విసిరితే రింగు పడొచ్చు, పడకపోవచ్చు, పడితే మాత్రం అది తమ చేతి నైపుణ్యమే. రెండుసార్లు పడితే ఒక అడుగు వెనక్కి వేస్తారు, వరసగా తప్పితే కాస్త ముందుకు జరుగుతారు. అందుకే మెక్లెలాండ్ వీళ్లని జూదగాళ్లతో కలపలేదు. జూదగాడికి గెలుపు కావాలి, ఎలా వచ్చినా ఫరవాలేదు. వీళ్లకి తమ చేతిమీదుగా వచ్చిన గెలుపే కావాలి. ఎంతవరకు వచ్చామో ఎప్పటికప్పుడు తెలియాలి. వీళ్లలో చాలామందికి డబ్బు అంటే సుఖం కంటే కూడా ఆట ఎంతవరకు వచ్చిందో చూపించే కొలబద్ద.

ఇక్కడిదాకా బాగుంది. 1961లో అచ్చయిన "ది అచీవింగ్ సొసైటీ" అనే పుస్తకంలో ఆయన మరీ పెద్ద అడుగు వేశాడు. అనేక దేశాల్లో 1925 ప్రాంతంలో పిల్లలు చదివిన వాచకాల్లోని కథలకి ఇవే పద్ధతుల్లో మార్కులు వేశాడు. తర్వాతి పాతికేళ్లలో ఆయా దేశాల్లో కరెంటు ఉత్పత్తి ఎంత పెరిగిందో చూశాడు. వాచకాల్లో సాధన ప్రేరణ ఎక్కువగా ఉన్న దేశాల్లో కరెంటు కూడా ఎక్కువగా పెరిగిందని తేల్చాడు. దాంతో పేద దేశాల పేదరికానికి మూలం మనుషుల మనసులో ఉందన్న అభిప్రాయం బలపడింది. వలసపాలనలో రెండు వందల ఏళ్లు నలిగిన దేశంలో నిలబడి ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. భూమి ఎవరి చేతిలో ఉంది, అప్పు ఎవరికి పుడుతుంది, రేవు ఎవరి స్వాధీనంలో ఉంది అని అడగకుండా పిల్లల కథల దగ్గర లెక్క తేల్చడం అన్యాయం. అయితే మెక్లెలాండ్‌కి ఒక గొప్ప గుణం ఉంది. పుస్తకం రాసి ఊరుకోలేదు. తన మాట నిజమో కాదో మనుషుల మధ్యకి వచ్చి పరీక్షకి పెట్టాడు.

పరీక్ష పద్ధతి ఇదీ. లక్ష దాటిన జనాభా ఉన్న ఒక ఊరిని తీసుకుని, అక్కడి వ్యాపారులకి శిక్షణ ఇవ్వాలి. దాదాపు అంతే ఉన్న ఇంకో ఊరిని ఏమీ చేయకుండా వదిలేయాలి. కొన్నేళ్ల తర్వాత రెండూ పోల్చాలి. శిక్షణకి కాకినాడని, పోల్చడానికి రాజమండ్రిని అనుకున్నారు. తర్వాత అప్పటి మద్రాసు రాష్ట్రంలోని వేలూరు వ్యాపారులకి కూడా శిక్షణ ఇచ్చారు. కాకినాడ, రాజమండ్రి రెండూ అప్పట్లో ఒకే జిల్లాలోవి. రెండు చోట్లా ధాన్యం, బట్టలు, ఇనుప సామాను, బంగారం వ్యాపారాలు. రెండింటికీ గోదావరి డెల్టా పంటే ఆధారం. పోలికకి ఇంత దగ్గర ఊళ్లు దొరకడం పరిశోధకుడి అదృష్టమే.

శిక్షణలో ఉపన్యాసాలు తక్కువ. మొదట కథలు రాశారు, వాటికి మార్కులు వేయడం తామే నేర్చుకున్నారు. తర్వాత కావాలని సాధన ప్రేరణ నిండిన కథలు రాయడం సాధన చేశారు. రింగులు విసిరి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎందుకు నిలబడ్డారో మాట్లాడుకున్నారు. తమ వ్యాపారం తమ జీవితంలో ఏ స్థానంలో ఉంది, ఇంటి ఆచారాలకీ పెద్దల మాటకీ ఈ కొత్త ఆలోచన ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ తగాదా పడుతుంది అని చర్చించుకున్నారు. చివరికి ఒక్కొక్కరూ రాబోయే రెండేళ్లకి తాము చేయబోయేది కాగితం మీద పెట్టారు. ఆరు నెలలకోసారి ఆ కాగితం తీసి ఎంతవరకు వచ్చిందో చూసుకోవాలని ఒప్పందం.

ఫలితాలని మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో పుస్తకంగా ప్రచురించారు. శిక్షణ పొందినవాళ్లు కాకినాడ, వేలూరు కలిపి 76 మంది. వాళ్లతో పోల్చడానికి తీసుకున్నవాళ్లు ఇంచుమించు అంతేమంది. శిక్షణకి ముందు రెండేళ్లలో చురుగ్గా వ్యాపారం పెంచిన వాళ్లు రెండు వైపులా సుమారు ఐదింట ఒక వంతు. శిక్షణ తర్వాతి రెండేళ్లలో తీసుకున్నవాళ్లలో అది దాదాపు సగానికి చేరింది. తీసుకోనివాళ్లలో నాలుగో వంతు దగ్గరే ఆగింది. శిక్షణ పొందినవాళ్లు ఎక్కువ గంటలు పనిచేశారు, కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువమందికి పని ఇచ్చారు.

ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆ రోజుల్లో పాశ్చాత్య పండితులు చాలామంది హిందూ సంప్రదాయం, కులాచారం వ్యాపారాభివృద్ధికి అడ్డం అని గట్టిగా నమ్మేవాళ్లు. కాకినాడలో అది నిలబడలేదు. పూజలూ పట్టింపులూ గట్టిగా పాటించే వ్యాపారి, అవి పెద్దగా పట్టించుకోని వ్యాపారి ఇద్దరూ ఒకేలా మారగలిగారు. కోటు వేసుకుంటేనే బుర్ర మారుతుందన్న నమ్మకానికి ఇది మంచి జవాబు.

ఇక్కడ ఆగి ఒక అనుమానం తీర్చుకోవాలి. మారింది సాధన ప్రేరణ వల్లేనా? పది రోజులు ఒకచోట ఉన్న వ్యాపారులు ఒకరికొకరు పరిచయమయ్యారు. పెద్ద విశ్వవిద్యాలయం తమని పట్టించుకుందన్న ఉత్సాహం వచ్చింది. లక్ష్యాన్ని నలుగురి ముందు చెప్పాక వెనక్కి తగ్గడం నామోషీ అయింది. చికాగో పక్కన వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి హాతార్న్ ఫ్యాక్టరీలో 1924లో మొదలైన ప్రసిద్ధ పరిశోధనల దగ్గర్నుంచీ ఈ సంగతి తెలిసిందే. అక్కడ టెలిఫోన్ రిలేలు బిగించే కొద్దిమంది ఆడవాళ్లని ఒక గదిలోకి మార్చి ఏళ్ల తరబడి గమనించారు. విశ్రాంతి వేళలు మార్చినా, పని గంటలు మార్చినా ఉత్పత్తి మొత్తం మీద పెరుగుతూ వచ్చింది. తమని ఎవరో పట్టించుకుంటున్నారన్న స్పృహ, తోటివాళ్లతో స్నేహం, కటువు తగ్గిన పర్యవేక్షణ కూడా ఫలితాన్ని మారుస్తాయని ఎల్టన్ మేయో బృందం వాదించింది. కాకినాడ శిక్షణలో ఏ అంశం ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం కష్టం. పనికొస్తుందనుకున్నవన్నీ కలిపి వాడామని మెక్లెలాండ్ దాచుకోకుండా చెప్పాడు.

ఇప్పుడు అసలు విషయం. శిక్షణ తీసుకున్నవాళ్లందరూ మారలేదు. సగంమంది దాదాపు ఎప్పటిలాగే ఉన్నారు. ఎవరు మారారు, ఎవరు మారలేదు అని వెతికితే ఒక తేడా బాగా స్పష్టంగా కనిపించింది. తమ వ్యాపారంలో తామే నిర్ణయం తీసుకోగలిగినవాళ్లు మారారు. నాన్న చేతి కింద, అన్నయ్య చేతి కింద, యజమాని చేతి కింద పనిచేసేవాళ్లలో మార్పు చాలా తక్కువ. వాళ్లూ అవే కథలు రాశారు, అవే రింగులు విసిరారు, అదే కాగితం మీద సంతకం పెట్టారు. తిరిగి వచ్చాక కొత్త మిషను కొందామని అడిగితే, ఇంట్లో పెద్దాయన ఒద్దురా అన్నాడు. కథ అక్కడితో ముగిసింది.

ఇది చిన్న సంగతి కాదు. కుటుంబ వ్యాపారాల్లో పెరిగినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రేరణ అనేది మనిషి గుండెలో ఉండే ఇంధనమే అయితే, ఎవరికి పోసినా మండాలి. కాకినాడలో అది అందరిలోనూ మండలేదు. మనిషికి పని మీద పట్టు ఉన్నచోటే మండింది. మెక్లెలాండ్ మనసుని కొలవడానికి వచ్చి, మనసు ఒంటరిగా పనిచేయదని చూపించాడు. దీన్ని ఆయన తన సిద్ధాంతానికి మధ్యలో పెట్టి ఉంటే, తర్వాత తరం మేనేజ్‌మెంట్ పుస్తకాలు వేరేగా ఉండేవని నా నమ్మకం.

ఇదే నిజాన్ని ఇంకో వైపు నుంచి చూపించిన ప్రయోగం కాకినాడ కంటే పదేళ్ల ముందే మన దేశంలో జరిగింది. అహ్మదాబాద్‌లో సారాభాయ్ కుటుంబానికి చెందిన క్యాలికో మిల్లు ఆటోమేటిక్ మగ్గాలు తెప్పించింది. యంత్రాలు కొత్తవి, మేలైనవి. ఉత్పత్తి మాత్రం అనుకున్నంత రాలేదు, బట్ట పాడవడం ఎక్కువైంది. లండన్‌లోని టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ 1953లో వచ్చి షెడ్డులో పని ఎలా జరుగుతుందో చూశాడు.

224 మగ్గాల షెడ్డు అది. పని పన్నెండు రకాల ఉద్యోగాలుగా ముక్కలై ఉంది. నేత చూసేవాడు ఒకడు, కండెలు నింపేవాడు ఇంకొకడు, తెగిన పడుగు పోగులు అతికేవాడు వేరు, నూనె వేసేవాడు వేరు, మగ్గం బాగుచేసేవాడు వేరు. ఒక్కొక్కరికీ ఇన్ని మగ్గాలని లెక్క కట్టారు. ఆ లెక్కలు ఒకదానితో ఒకటి కలవలేదు. దాంతో ఒక నేతగాడికి ఒక కండెల మనిషిలో కొంత వాటా, ఇంకో పోగుల మనిషిలో కొంత వాటా వచ్చింది. తన మగ్గం మీద పోగు తెగితే అతికే మనిషి ఆ నిమిషంలో ఇంకో నేతగాడి దగ్గర ఉంటాడు. అతని మీద ఇతనికి ఏ హక్కూ లేదు. బట్ట పాడైతే తప్పెవరిదో తేల్చలేరు. అందరూ కష్టపడుతున్నారు, ఎవరికీ తన బట్ట అంటూ లేదు.

రైస్ ఒక ఆలోచన చెప్పాడు. ఏడుగురి చొప్పున జట్లు కట్టి, ఒక్కో జట్టుకి 64 మగ్గాలు మొత్తంగా అప్పగించమన్నాడు. ఎవరు ఏ పని చేయాలో వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారు. దీని మీద ఎన్నో చర్చలు జరగాలని ఆయన అనుకున్నాడు. మిల్లు కార్మికులూ సూపర్‌వైజర్లూ అంత సమయం ఇవ్వలేదు. ఆలోచన వినగానే తమ జట్లని తామే ఎంచుకుని పనిలోకి దిగిపోయారు. తొలి రోజుల ఒడిదుడుకులు సర్దుకున్నాక మగ్గాల సామర్థ్యం 80 శాతం ప్రాంతం నుంచి 95 శాతం దాకా పెరిగింది. పాడైన బట్ట 32 శాతం నుంచి 20కి తగ్గింది. అదే మనుషులు, అవే మగ్గాలు. ఎవరికీ ప్రేరణ శిక్షణ ఇవ్వలేదు, ఎవరి కథలకీ మార్కులు వేయలేదు. పని వాళ్ల చేతిలో పెట్టారు, అంతే.

మెక్లెలాండ్ కూడా తర్వాత ఈ దిశగానే జరిగాడు. పెద్ద కంపెనీల్లో మేనేజర్లని పరిశీలించి, 1976లో డేవిడ్ బర్న్‌హామ్‌తో కలిసి ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. సాధన ప్రేరణ మరీ బలంగా ఉన్న మనిషి మంచి వ్యాపారి కావచ్చు, మంచి మేనేజరు కావడం అరుదు అన్నాడు. అలాంటివాడికి ప్రతి పనీ తానే చేయాలనిపిస్తుంది, ఇంకొకరు చేస్తే తృప్తి ఉండదు. పెద్ద సంస్థలో పని జరగాల్సింది పదిమంది చేతుల మీదుగా. మనుషుల దగ్గర మంచి అనిపించుకోవాలని తపించేవాడూ అక్కడ పనికిరాడు. అడిగినవాడికల్లా మినహాయింపు ఇస్తాడు, అడగనివాళ్లు మండిపడతారు. సంస్థ కోసం ఇతరుల మీద ప్రభావం చూపాలన్న కోరిక ఉండి, దాన్ని తన గొప్ప కోసం వాడుకోని మనిషే మంచి మేనేజరు అని ఆయన తేల్చాడు. ఆ ప్రభావం ఏ రూపంలో కనబడుతుందో కూడా చెప్పాడు. తన కింద పనిచేసేవాళ్లకి తాము బలవంతులమన్న భావన కలగడమే.

ఈ ఆలోచనలు మన దేశంలో బాగానే వ్యాపించాయి. గుజరాత్‌లో చిన్న పరిశ్రమలు పెట్టేవాళ్లకి శిక్షణ కార్యక్రమాలు 1970 ప్రాంతంలో మొదలయ్యాయి. ఉదయ్ పారీక్, తెలుగువాడైన టి.వి. రావు ఐఐఎం అహ్మదాబాద్ నుంచి వెళ్లి 1970ల మధ్యలో లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీలో మానవ వనరుల అభివృద్ధి విభాగానికి రూపకల్పన చేశారు. ఉద్యోగిని అంచనా వేయడం శిక్షించడానికి కాదు, పెంచడానికి అన్నది వాళ్ల పట్టుదల. ఇవాళ మన ఆఫీసుల్లో ఏడాదికోసారి జరిగే అప్రైజల్ ఫారాల్లో ఆ పట్టుదల ఎంత మిగిలిందో ఉద్యోగం చేసేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇక మోటివేషన్ క్లాసుల సంగతి. హోటల్ హాలు తీసుకుని, మైకు పెట్టి, మీలో నిప్పుంది లేవండి అని అరిచే సభలకి మన ఊళ్లలో కొదవ లేదు. కంపెనీలు, కాలేజీలు, బ్యాంకులు వీటికి డబ్బు పోస్తున్నాయి. సాయంత్రానికి అందరి కళ్లూ మెరుస్తాయి. సోమవారం పొద్దున్న అదే ఉద్యోగి ఐదు వందల రూపాయల ఖర్చుకి మూడు సంతకాల కోసం తిరుగుతాడు, కస్టమరు ఎదురుగా కూర్చున్నా తనంతట తాను ఒక మాట ఇవ్వలేడు. క్లాసు మంచిదే అయినా అది అక్కడే ఆరిపోతుంది. తప్పు ఉద్యోగి మనసుది కాదు. కాకినాడలో అన్నయ్య చేతి కింద ఉండిపోయిన తమ్ముడి మనసుదీ కాదు.

మరి పని అప్పగించిన చోట తర్వాత ఏమైంది? క్యాలికో మిల్లులో జట్టు పద్ధతి ఎలా ఉందో 1970లో ఎరిక్ మిల్లర్ అనే పరిశోధకుడు మళ్లీ వెళ్లి చూశాడు. కొన్ని షెడ్లలో అది మెల్లగా చెదిరిపోయి పాత పద్ధతి తిరిగి వచ్చేసింది. మార్కెట్ ఒత్తిళ్లు పెరిగిన కొద్దీ పైవాళ్లు మళ్లీ పగ్గాలు చేతిలోకి తీసుకున్నారు. ఒక షెడ్డులో మాత్రం జట్లు పదహారేళ్లకి పైగా దాదాపు మొదట ఉన్నట్టే నడుస్తూ వచ్చాయి. పని అప్పగించడం ఒకరోజు పని కాదు, అప్పగించిన దాన్ని కాపాడుతూ ఉండాలి.

మీ కింద నలుగురు పనిచేస్తుంటే, ఈసారి వాళ్లని శిక్షణకి పంపేముందు ఒక కాగితం తీసుకోండి. ఒక్కొక్కరి పేరు ఎదురుగా, అతను లేదా ఆమె మిమ్మల్ని అడక్కుండా తీసుకోగల నిర్ణయాలు రాయండి. ఆ వరస ఖాళీగా ఉంటే శిక్షణ డబ్బు దాచుకుని, ముందు దాన్ని నింపండి.